పాడుకుండలో కోటు గుండీ

మా ఆయన కోటుకు పైనుంచి రెండో గుండీ ఐదేళ్లపాటు లేదు. మిగతా నాలుగూ నల్లటి కొమ్ము గుండీలు, ఒక్కొక్కటి రేగుపండంత ఉండేవి. రెండోదాని చోట పిన్నీసు పెట్టుకుని ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాడు. "ఇక్కడి గుండీ ఏమైందో నీకేమైనా తెలుసా?" అని నన్ను ఒక్కసారి అడిగాడు. "గాలివానకు ఇల్లే పోయింది, నీకు గుండీ కావాల్సొచ్చిందా?" అని గయ్యిమన్నాను. పాపం, మళ్లీ అడగలేదు. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు గట్టిగా అరవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. ఆయన లేడు. ఇప్పుడైనా చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను?

సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున ఉండేది మా ఊరు. ఊరంటే రెండు ముక్కలు. ఒకటి పాలెం. చేపలు పట్టేవాళ్ల ఇళ్లు, గంగమ్మ గద్దె, ఒడ్డున పడవలు. రెండోది మా పేట. క్రైస్తవుల ఇళ్లు, ప్రార్థన చేసుకునే తాటాకు పాక, మిట్ట మీద మిషను బడి. మధ్యలో ఒక పిల్లకాలువ. దాన్ని మూడంగల్లో దాటొచ్చు. దాటేవాళ్లం కూడా. చేపలకని మేము అటు పోయేవాళ్లం, చదువుకని వాళ్ల పిల్లలు ఇటు వచ్చేవాళ్లు. కానీ వాళ్లు మా ఇంట్లో మంచినీళ్లు ముట్టరు, మేము వాళ్ల గడప తొక్కకూడదు. నాయుడుపేటలో పుట్టి పెరిగినదాన్ని, నాకిది చూస్తే ఒళ్లు మండేది. నోరు తెరవబోతే మా ఆయన కళ్లతోనే వద్దనేవాడు. ఆయన బడి పంతులు. గట్టిగా మాట్లాడితే పిల్లల్ని బడి మాన్పిస్తారని ఆయన భయం.

నేను చెబుతున్నది అరవయ్యో దశకం మొదట్లో సంగతి. నాకు ఇరవై ఏళ్లు, తొమ్మిదో నెల. అది రెండో కాన్పు. అంతకుముందు ఏడు వానల్లో మొదటి బిడ్డ ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆ రోజు మా ఇంటి కప్పు నాలుగు చోట్ల కారుతోంది. మంచాన్ని ఆ మూలనుంచి ఈ మూలకు, ఈ మూలనుంచి ఆ మూలకు జరుపుతూనే ఉన్నారు. బిడ్డకు చలి తగిలింది. మూడో రోజు చేతుల్లోనే నీలంగా అయిపోయాడు. నేను పెద్దగా ఏడవలేదు. ఇంకో బిడ్డ కలిగితే మాత్రం కారే కప్పు కింద కననని ఆ రోజే మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

అందుకే ఈసారి పుట్టింటికి పోవాలని అన్నీ సర్దుకున్నాను. సోమవారం మా అన్న బండి కట్టుకుని రావాలి. శనివారం మధ్యాహ్నం గాలివాన వచ్చింది.

ఆ గాలిని గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్పాలి, కొత్తగా ఏముంది? మొదట కాకులు కనిపించకుండా పోయాయి. తర్వాత తాటిచెట్లు నేలకు వంగి లేచాయి, ఆ తర్వాత కొన్ని లేవలేదు. సరస్సు మా కాళ్లకిందికి వచ్చేసింది. పాలెం, పేట అని లేకుండా అందరం మిట్టకు పరుగెత్తాం. ఇటుక గోడలున్నది ఊరి మొత్తానికి బడి ఒక్కటే. మా ఆయన ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో హాజరు పుస్తకాన్నీ పట్టుకుని లాక్కొచ్చాడు. ఆయన ఒంటిమీద ఆ కోటు, నా చంకలో బైబిలు. ఇంట్లో ఉన్నవాటిలో మిగిలినవి అవే.

మేము బడిలో చేరిన కాసేపటికి నడుములోతు నీళ్లలో పాలెం అవ్వ వచ్చింది. ఆమెను అందరూ అవ్వ అనే పిలిచేవాళ్లు. డెబ్బై ఏళ్ల మనిషి, ఎండుచేపలా బిగుసుకుపోయిన ఒళ్లు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, నోటికి అడ్డూ ఆపూ లేదు. నాకూ ఆమెకూ ఎప్పుడూ పడేది కాదు. ఒకసారి చేపల కోసం వెళ్లి వాళ్ల అరుగు మీద చెయ్యి ఆనించానని నేను చూస్తుండగానే నీళ్లు పోసి కడిగింది. అలాంటి మనిషి ఆ వరదలో బియ్యం మూట తెచ్చుకోలేదు, పాత చీర తెచ్చుకోలేదు. నెత్తిన ఒక ఖాళీ మట్టికుండ పెట్టుకుని వచ్చింది.

"ఏమవ్వా, తినేది ఏమీ తెచ్చుకోకుండా ఉత్త కుండ మోసుకొచ్చినావే?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"నువ్వు మీ దేవుడి పుస్తకం తెచ్చుకోలా? ఇదీ అట్టాంటిదేమే. గమ్మునుండు" అంది.

అది పాడుకుండ. సరస్సులో చేపలు బాగా పడే చోట్లు కొన్ని, ఏమీ పడని చోట్లు కొన్ని. ఏ ఇంటివాళ్లు ఏ చోట ఎప్పుడు వల వెయ్యాలో వాళ్లు చీట్లలాగా తీసి తేల్చుకుంటారు. దాన్ని పాడు వెయ్యడం అంటారు. ఇంటికొక చిన్న వస్తువు, చింతగింజో గవ్వో, ఆ కుండలో వేస్తారు. ఏది ఎవరిదో కుండ పట్టినవాళ్లు గుర్తుంచుకుంటారు. చిన్నపిల్ల చేత ఒక్కొక్కటే తీయిస్తారు. ఒకసారి పాడు పడిందంటే పెద్దవాడైనా నోరెత్తకూడదు. ఆ కుండ అవ్వ మొగుడి చేతిలో ఉండేదట, ఆయన పోయాక ఆమె చేతికే వచ్చింది. ఆడమనిషి చేతిలో పాడుకుండ ఉండడం చుట్టుపక్కల ఏ పాలెంలోనూ లేదు. ఆమె అబద్ధం ఆడదని అంత నమ్మకం.

వరద రెండు రోజులు నిలబడింది. బడి పెంకులు సగం ఎగిరిపోయాయి. మొదటి రోజు పాలెం వాళ్లు ఉత్తరపు గోడకు, మేము దక్షిణపు గోడకు. రెండో రోజుకు దక్షిణం వైపు కప్పంతా కారడం మొదలుపెట్టేసరికి మేమూ ఉత్తరానికే జరిగాం. ఎవరూ ఏమీ అనలేదు. పొయ్యిలు మాత్రం రెండే, మాదొకటి వాళ్లదొకటి. మూడో రోజు ఎండుపుల్ల అన్నది కరువై ఒక పొయ్యే మిగిలింది. మా మంత్రసాని వండిన గంజిని పాలెం పిల్లలు ముందు తాగారు. తర్వాత వాళ్ల అమ్మలు అటు తిరిగి కూర్చుని తాగారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆకలి ముందు మొహం చాటెయ్యడం ఎంత కష్టమో నాకూ తెలుసు.

నీళ్లు తీశాక దిగి చూస్తే ఒక్క ఇల్లూ లేదు. దేవుడి దయవల్ల మనిషి ఒక్కరూ పోలేదు. గొడ్లు పోయాయి, వలలు పోయాయి. నేలంతా తాటిచెట్లు పడి ఉన్నాయి. పాలెంలో పదహారు, మా పేటలో పదకొండు, మొత్తం ఇరవై ఏడు ఇళ్లు మళ్లీ లేపాలి. తాటాకు కోసి కప్పు నెయ్యడం మా పేట మగవాళ్లకు వచ్చు. దూలాలు కావాలంటే సరస్సు అవతలి ఒడ్డునుంచి తేవాలి, పడవలూ మోకులూ పాలెం వాళ్ల దగ్గర ఉన్నాయి. వీళ్లు లేకుండా వాళ్లకు గడవదు, వాళ్లు లేకుండా వీళ్లకు గడవదు. అందరూ కలిసి రోజుకు ఒక ఇల్లు లేపుదామన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. ముందు ఎవరిది?

అబ్బో, ఆ గొడవ! వాన పడుతూనే ఉంది, బడిలో పిల్లలకు దగ్గులు, నడిమి గదిలో ముసలాయనకు జ్వరం. ఎవరి బాధ వాళ్లది. "మాది ముందు" అంటే "మాది ముందు". మగవాళ్లు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. మా ఆయన లేచి, "కాన్పుకు దగ్గర పడిన మనిషి ఉంది..." అని ఏదో అనబోయి, అది తన భార్యే కదా అని సిగ్గుపడి కూర్చున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్లాం కోసం అడగడానికి సిగ్గేమిటి? అందరూ అడగడం లేదా?

అప్పుడు అవ్వ కుండ తీసి నడుమ పెట్టింది. "పాడు ఎయ్యండి" అంది. "రెండు వాడలూ కలిపి. ఇంటికొక వస్తువు. తడిమితే చేతికి తెలిసిపోయేది ఇయ్యొద్దు. మాపిటేళ తీద్దాం."

పాలెం పెద్ద సరేనన్నాడు. మా వాళ్లూ సరేనన్నారు. పాడులో మా పేట వాళ్ల వస్తువులు పడడం అదే మొదటిసారి. అందరూ దాని గురించే గర్వంగా మాట్లాడుకున్నారు. నాకు గర్వం లేదు, ఏమీ లేదు. లెక్క వేసుకుంటున్నాను. మంత్రసాని నా పొట్ట పట్టి చూసి ఎనిమిది రోజులో పది రోజులో అంది. నాయుడుపేట దారి తెగిపోయింది, బండి రాదు. ఇరవై ఏడు ఇళ్లలో మాది పదో ఇల్లు దాటిందంటే ఈ బడిలో, ఈ దగ్గుల మధ్య, ఈ కారే పెంకుల కిందే కనాలి. పోయినేటి బిడ్డ నా కళ్లముందు కదిలాడు.

అందరూ గింజలూ గవ్వలూ ఏరుకుంటుంటే నేను తీగ మీద ఆరేసిన కోటు దగ్గరికి వెళ్లి, రెండో గుండీని పళ్లతో కొరికి తెంపాను.

కుండలో చెయ్యి పెట్టి తీసేది పాలెం పెద్ద మనవరాలు, ఆరేళ్ల పిల్ల. బడిలో ఉన్న ఆ రోజులన్నీ నా పక్కనే కూర్చునేది. నా కొంగున దాచుకున్న బెల్లం ముక్క దానికి పెట్టి చెవిలో చెప్పాను. "చేతికి గుండ్రంగా, పెద్దగా, నున్నగా తగులుతుంది చూడు. దాన్నే ముందు తియ్యి. ఎవరికీ చెప్పొద్దు." అది బెల్లం చప్పరిస్తూ బుద్ధిగా తల ఊపింది. ఆదివారం బడిలో ఆ పిల్లల వయసువాళ్లకు 'దొంగిలకూడదు, అబద్ధమాడకూడదు' అని వల్లె వేయించేది నేనే.

మాపటేళకు అందరం చుట్టూ చేరాం. అవ్వ ఒక్కొక్కరి దగ్గరా వస్తువు తీసుకుని తనే కుండలో వేస్తోంది. నా గుండీ ఆమె అరచేతిలో పడింది. రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. నా మొహం చూసింది, పొట్ట చూసింది. దాన్ని కుండలోకి జారవిడిచి, పక్కమనిషి వైపు తిరిగింది. ముసలిది, చూపు ఆనలేదులే అనుకున్నాను.

పిల్ల కుండలో చెయ్యి పెట్టింది. కాసేపు కెలికింది. బయటికి తీసిన గుప్పిట్లో నా గుండీ! అవ్వ దాన్ని ఎవరి కంటా పడకముందే తన గుప్పిట్లోకి తీసుకుని, "అయ్యోరమ్మది" అంది.

"స్తోత్రం!" అని అరిచాను. నిజంగా అరిచాను. ఆ నిండు పొట్టతో ఎగిరి గంతు వెయ్యడం ఒక్కటే తక్కువ.

పాలెం ఆడవాళ్లు "అయ్యయ్యో" అన్నారు. "పాపం, అయ్యోరమ్మది" అని ఎవరో నాలుక చప్పరించారు. మా వాళ్లు నాలాగే నవ్వుతూ ఉన్నారు. నాకేమీ అర్థం కాలేదు.

పాలెం పెద్ద మా ఆయన వైపు తిరిగి, "ఏమనుకోబాకండి అయ్యోరూ, మీ ఇల్లు ఆకర్న లేస్తాది" అన్నాడు.

"ఆఖరునా? ముందు వచ్చింది కదన్నా మాది!" అన్నాను నేను, మగవాళ్ల మధ్యలోకి దూరి.

"ముందొచ్చినోళ్లది ఆకర్నే తల్లీ. మా పాడు అంతే. కడదాకా కుండలో ఎవురిది ఉంటాదో, వాళ్లను గంగమ్మ తన కడుపులో పెట్టుకున్నట్టు. వాళ్లకే మొదటి చోటు."

తరతరాలుగా వాళ్ల పాడు అలాగే. పాలెంలో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. కాలవ ఇవతల ఉండే మాకెవరికి తెలుసు? ఏనాడైనా మమ్మల్ని ఆ కుండ దగ్గరికి రానిస్తే కదా! ఆ పిల్లకు తెలిసే ఉంటుంది. కానీ ముందు తియ్యమంటే ముందు తీసింది, దాని తప్పేముంది? తేలు కుట్టిన దొంగకు ఎలా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది. ఏడవడానికి లేదు, అరవడానికి లేదు. అరిస్తే ఏమని అరవను?

మిగతా ఇరవై ఆరూ ఒక్కొక్కటే వచ్చాయి. చిట్టచివర మిగిలింది అవ్వ చింతగింజ. కుండ బోర్లిస్తే రాలేదు. "తడికి అంటకపోయినట్టుండాది" అంటూ తనే చెయ్యి పెట్టి గీకి తీసింది. మొదటి ఇల్లు ఆమెది. ఒంటరి ముసలిదానికి గంగమ్మ దయ చూపిందని పాలెమంతా సంతోషించారు. ఆమె మొహంలో మాత్రం సంతోషం కనబడలేదు. అప్పుడు నేను ఆమెను చూసి అసూయతో రగిలిపోయాను, ఎందుకు దాచాలి?

మంచివాళ్లు లేకపోలేదు. మొదటి వంతులు పడినవాళ్లు ఇద్దరు, "మా వంతు అయ్యోరమ్మకు ఇస్తాం" అన్నారు. పాలెం పెద్ద ఒప్పుకోలేదు. "ఈ రోజు ఇళ్లకు మారిస్తే రేపు సరస్సులో మార్చమంటారు. ఆడ కత్తులు లేస్తాయి. పాడు పాడే" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా ఆయన నా పక్కన కూర్చుని, "దేవుని చిత్తం. ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. "నువ్వు చేసుకో" అని అటు తిరిగి పడుకున్నాను.

మర్నాడు అవ్వ ఇల్లు లేచింది. బడి గుమ్మంలో కూర్చుని అంతా చూశాను. పాలెం మగవాళ్లు పడవల్లో దూలాలు తెచ్చి నిట్రాడు పాతారు. మా పేట మగవాళ్లు నలుగురు ఆ ఇంటి కప్పెక్కి తాటాకు నేశారు. వాళ్ల నాన్నలు ఏనాడూ ఆ వాకిట్లోకి అడుగుపెట్టి ఉండరు. కిందినుంచి పాలెం వాళ్లు ఆకు అందిస్తుంటే, పైనుంచి వీళ్లు వేళాకోళాలు. "అవ్వా, నీ ఇల్లు మా కాళ్ల కింద ఉండాది, కడుక్కుంటావా?" అన్నాడు మా వాడొకడు. "దిగరా నా బట్టా, నీ కాళ్లు ఇరగ్గొడతా" అంది అవ్వ. అందరూ పడీ పడీ నవ్వారు. చాలా రోజులకు విన్న నవ్వు అది. ఇప్పటికీ తాటాకు తడివాసన తగిలితే నాకు ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది.

పొద్దు వాలకముందే అవ్వ బడికి వచ్చింది. నా ముందు నిలబడి, "లేయ్‌మే. గుడ్డలు సర్దుకో" అంది.

"యాడికి?"

"మా ఇంటికి. ఇంకెక్కడికి, మదరాసుకా?"

పాలెం పెద్ద లేచి వచ్చాడు. అవ్వ ఆయనతోనే చెప్పింది, అందరికీ వినబడేలా. "ఒంటిగా వల ఎయ్యలేనోడు తన చోట్లోకి ఇంకొకర్ని కలుపుకోవచ్చా, లేదా? అది పాడులో తప్పా?"

"తప్పు కాదు. ఎప్పటినుంచో ఉండేదే."

"నా ఇంట్లోకి నేను ఈమెను కలుపుకుంటుండా. పాడు మార్చమని నేను అడగలా."

"అది సరే అవ్వా. కానీ అది పాడుకుండ ఉండే ఇల్లు. ఆ ఇంట్లో పురుడా? అందులోనూ..." అని ఆపేశాడు. ఆ 'అందులోనూ' తర్వాత ఏముందో అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. అవ్వ తన సామాను మూలకు వెళ్లి కుండ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"కుండ నీ ఇంటికి తీసకపో. ఇప్పుడు కలుపుకోవచ్చా?"

వరదలో అన్నీ వదిలేసి నెత్తిన పెట్టుకుని తెచ్చిన కుండ అది. పాలెం పెద్ద దాన్ని గుండెకు ఆనించుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. నాకు నోట మాట రాలేదు. నాకు! మా ఆయన ఎప్పుడూ లేనిది అందరి ముందే ఏడ్చేశాడు.

పదకొండో రోజు పట్టపగలు, జోరువానలో, నాకు ఆడపిల్ల పుట్టింది. కప్పు ఒక్క చుక్క కారలేదు. నొప్పుల మధ్య నేను చూసింది ఆ కప్పునే. పచ్చి తాటాకు మీద వాన చప్పుడు వింటూ, ఎక్కడ కారుతుందా అని కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. అవ్వ లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడింది. బిడ్డ కెవ్వుమనగానే, "ఏడ్చిందా? గట్టిగా ఏడ్చిందా?" అని మూడుసార్లు అడిగింది.

"నీ నోరే అవ్వా!" అంది మంత్రసాని.

మూడో రోజు దాటేదాకా నేను నిద్రపోలేదు. నాలుగో రోజు పొద్దున బిడ్డ వెచ్చగా, ఎర్రగా ఉంది. అప్పుడు ఏడ్చాను, రెండేళ్ల ఏడుపూ కలిపి. ఆ రోజు అవ్వ గడప దాటి లోపలికి వచ్చి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. తర్వాత ఇక దించితే ఒట్టు. పాలు పడతాయని నాకు సొరచేప ఉడికించి పొడి చేసి, వెల్లుల్లి దట్టంగా వేసి పిట్టు చేసి పెట్టేది. తిననంటే తిట్టేది, తింటే ఇంకా తినమని తిట్టేది. ఆ తిట్లతోనే నేను కోలుకున్నాను.

ఇరవై ఏడో రోజు మా ఇల్లు లేచింది. ఆఖరి ఇల్లు, అందరికీ ఒళ్లు హూనమై ఉంది. అయినా పాలెం, పేట ఒక్కరూ మిగలకుండా వచ్చారు. పాడు అయ్యాక వస్తువులన్నీ మళ్లీ కుండలోనే ఉంచి, ఏ ఇల్లు పూర్తయితే ఆ ఇంటివాళ్ల వస్తువు కుండలోంచి తీసి తిరిగి చేతికివ్వడం పద్ధతి. పాలెం పెద్ద కుండలో చెయ్యి పెట్టి వెతికాడు. మా వస్తువు లేదు. "యాడో జారిపోయినట్టుండాది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పీడ పోయిందనుకున్నాను.

ఆ తర్వాత అన్ని గడపలూ అందరికీ తెరుచుకున్నాయని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. పిల్లకాలువ పిల్లకాలువలాగే ఉంది. అవ్వ ఇంటి గడప మాత్రం నాకూ నా కూతురికీ అడ్డం కాలేదు. నా కూతురు నడక నేర్చింది ఆ అరుగు పట్టుకునే. కుండ మాత్రం అవ్వ దగ్గరికి తిరిగి రాలేదు. పురుడు మైల తీరాక పాలెం పెద్ద స్వయంగా తెచ్చిస్తే, "నా చేతుల్లో సత్తువ లేదు, నువ్వే ఉంచుకో" అందట. నాకోసం ఆమె అంత పెద్ద గౌరవం వదులుకుందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండెలో ముల్లు గుచ్చినట్టుండేది. ఆమెది అంత మంచితనం, నాదేమో దొంగబుద్ధి. చెప్పేద్దామని ఎన్నిసార్లు వెళ్లానో, మొహం చెల్లక ఎన్నిసార్లు తిరిగొచ్చానో.

నా కూతురికి ఐదో ఏడు వచ్చిన చలికాలంలో అవ్వ మంచాన పడింది. ఒక మధ్యాహ్నం గంజి తీసుకుని వెళ్లాను. పిల్ల ఆమె మంచం కోడు దగ్గర కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దుతోంది. ఇక ఆగలేకపోయాను. గంజి పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. గుండీ, బెల్లం ముక్క, చెవిలో మాట. చెబుతూ ఏడ్చాను.

అవ్వ నవ్వింది. నవ్వి నవ్వి దగ్గింది. తల కింద పెట్టుకున్న వక్కాకు సంచిలో చెయ్యి పెట్టి వెతికి, నా అరచేతిలో ఏదో పెట్టింది. నల్లటి కొమ్ము గుండీ.

"కుండ వాడికిచ్చే ముందే తీసేసినా. ఇంతలావు గుండీ కుండలో ఉంటే ఎవుడు చెయ్యి పెట్టినా తెలిసిపోదా? పరువు పోయేది మే నీకు."

"అంటే నీకు అప్పుడే తెలుసా?"

"నా చేతిలో పెడితే తెలవకుండా ఉంటాదా? ముప్పయ్యేండ్లు ఆ కుండ పట్టుకున్నదాన్ని."

"తెలిసి ఎందుకు ఊరుకున్నావవ్వా? అందరి ముందూ కడిగేయాల్సింది."

ఆమె పిల్లకు వినబడకుండా మెల్లగా చెప్పింది. "ఏ నోటితో కడిగేది? నేను మాత్రం తక్కువ తిన్నానా? నా చింతగింజను తుమ్మబంక పెట్టి కుండ అడుగున అంటించినా. బడి ఎనకాల తుమ్మచెట్టుది. ముప్పయ్యేండ్లలో ఎప్పుడూ చెయ్యలా. ఆ బడిలో తడిలో పడుకోలేకపోయినా మే, ఎముకలు కొరికేస్తుండె చలి. ఒక్క తూరికి గంగమ్మ చూడదులే అనుకున్నా. నీ గుండీ ముందొచ్చి నువ్వు ఆ మాదిరి మొహం ఏలాడేస్తే, నా ప్రాణం చచ్చిపోయినాది. బిడ్డ కోసం నువ్వు తప్పు చేస్తే అది ఆకరికి పోయె. ముసలి ఎముకల కోసం నేను చేస్తే మొదటికి వచ్చె."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అందుకేనా కుండ తిరిగి తీసుకోలేదు?"

"ఏ మొహం పెట్టుకుని తీసుకునేది? ఇంక ఆ కుండ పట్టుకునే చెయ్యి కాదు ఇది." అంది. మళ్లీ, "ఊళ్లో అందరూ నన్ను మహాతల్లి అంటుంటే, నీ మాదిరే నాకూ ఈడ గుచ్చుకునేది" అని గుండె మీద వేలు పెట్టుకుంది. తర్వాత ఎప్పటి గొంతుతోనే కసిరింది. "మీ ఆయన ఐదేండ్ల నుంచీ పిన్నీసు పెట్టుకుని తిరగతుండాడు. బిన్నా పోయి కుట్టు."

ఆ వారం గడవలేదు, ఆమె పోయింది. పాలెం పెద్ద పాడుకుండ తెచ్చి ఆమె తలదగ్గర పెట్టాడు. "సాటిమనిషి బిడ్డ కోసం ఈ కుండనే వదులుకున్న తల్లి" అన్నాడు. పాలెమంతా ఏడ్చింది, పేటంతా ఏడ్చింది. నేను నిజం చెప్పాలా? చెప్పి ఆమెను చిన్నబుచ్చాలా? పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు, కోటుకు ఐదు గుండీలూ పెట్టుకుని. గుండీ ఎక్కడ దొరికిందని ఆయన అడగలేదు, నేను అరవాల్సిన పని పడలేదు. నా కూతురు మాత్రం కుండలోకి తొంగి చూసి, చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

"అమ్మా, ఇక్కడేదో బంక ఎండిపోయి ఉంది" అంది.

"తడికి అంటుకుందిలే" అన్నాను.